పగడం పక్కన నల్లగీత

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఆమె గాజుతొట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది. తొట్టెలోని ఉప్పునీళ్లు చిన్న గొట్టంలోకి తీసి, పరీక్ష మందు చుక్కచుక్కా వేస్తూ లెక్కపెట్టింది. ఆస్పత్రి ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా రక్తాలు పరీక్షించిన చెయ్యి, వణకదు. ఎనిమిదో చుక్కకి నీలం పోయి పసుపు తిరగాలి. పన్నెండో చుక్కకి గానీ తిరగలేదు. నోటుపుస్తకంలో పన్నెండు అని రాసింది. దాని పైన పదకొండు, ఆ పైన పది.

పగడాలు నీళ్లలోంచి సున్నం లాక్కుని ఎముక కట్టుకుంటాయి. అవి వాడుకున్నదాన్ని మనం సీసాలోంచి మందుగా తిరిగి పోస్తూ ఉండాలి. తక్కువైతే ఎదగవు, ఎక్కువైతే కొసలు కాలిపోయి తెల్లబడతాయి. ఆ తొట్టె పెట్టుకున్న వాళ్లమ్మాయి రోజుకో మూత పోసేది. అమ్మాయి పోయాక ఈమే పోస్తూ వచ్చింది. చుక్కల నంబరు పెరిగితే నీళ్లలో సున్నం ఎక్కువైనట్టు; అది పెరుగుతోందని సగం మూతకి తగ్గించింది, తొమ్మిది రోజుల క్రితం పూర్తిగా మానేసింది. అయినా పెరుగుతూనే ఉంది. దీపం ఎత్తు మార్చింది, పంపు విప్పి కడిగింది, ఉప్పు మార్చింది, పరీక్ష మందు పాతబడిందేమోనని కొత్తది కొంది. పోయనిది పెరగడమేమిటో ఆమెకి అంతుపట్టలేదు.

తొట్టెలో మూల రాయి మీద వేలెడంత ఊదారంగు పగడం ఉంది. అది ఎంత ఎదిగిందో చూడ్డానికి అమ్మాయి రెండు నెలలకోసారి గాజు మీద నల్లటి గీత గీసి, పక్కన తారీఖు వేసేది. మొత్తం ఆరు గీతలు. ఆరోది ఎనిమిది నెలల కిందటిది. పగడం ఇంకా ఆ గీత దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు దాని కొసలు కూడా తెల్లబడ్డాయి.

దాన్ని చూస్తే ఆమెకి ఏమీ అనిపించలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఆమెకి ఏదీ అనిపించలేదు. లేవడం, డ్యూటీకి పోవడం, రావడం, తినడం, అన్నీ జరిగిపోతున్నాయి. ఏడుపొస్తే బాగుండునని ల్యాబ్‌లో తోటివాళ్లు అనేవారు. రాకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

"పదింటికి అక్వేరియం షాపతను వస్తాడు. తొట్టె తీసుకెళ్లిపొమ్మన్నాను," అంది, వెనక అడుగుల చప్పుడు విని.

ఆమె భర్త వీధి చివర టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టారు. బిడ్డ పోయిన వారానికి, "ఆ తొట్టె తీయించెయ్, నేను చూడలేను," అన్నది ఆయనే. ఆ రోజు నుంచీ దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు మొహం గోడకి తిప్పుకునేవాడు. ఆమె కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఇంట్లో ఉప్పు అయిపోయింది, గ్యాస్ వచ్చింది, కరెంటు బిల్లు కట్టాలి, ఇవే మాటలు.

"ఇవాళేనా?" అన్నాడాయన.

"మీరు అడిగిందేగా."

"అడిగాననుకో... అది ఎప్పటి మాట?"

"చచ్చిపోతోందండీ అది. నా చేతుల్లో ఇంకొకటి పోవడం నేను చూడలేను. బతికించగలిగేవాడి దగ్గరికి పోనివ్వండి."

 షాపుకి సెలవైనా ఆయన మెడలో టేపు అలాగే ఉంది. రెండు కొసలూ పట్టుకుని కిందికీ పైకీ లాగుతూ నిలబడ్డాడు.

కిటికీ దగ్గర పడక్కుర్చీలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తల ఎత్తింది. ఆవిడకి మోకాళ్లు పనిచేయవు గానీ కళ్లూ నోరూ ఇంకా పాతికేళ్లవే. మనవరాలికి 'నీటిపిల్లి' అని పేరు పెట్టింది ఆవిడే. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా ఆ తొట్టెలోనే ఉండేది మరి.

"ఇస్తే ఇచ్చారు, నా కుర్చీ కూడా పట్టుకుపొమ్మనండి," అంది ఆవిడ. "ఇక గోడ చూస్తూ కూర్చోవాలా నేను?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఇంకో కాయ ఒలిచింది.

షాపతను పదింటికల్లా రెండు బకెట్లు, ఒక పైపు పట్టుకుని వచ్చాడు. పైపు నీళ్లలో పెట్టేముందు వంగి పగడాన్ని చూశాడు. నోటుపుస్తకం అడిగి తీసుకుని, వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు.

"అమ్మా, రోజుకెంత పోస్తున్నారు?"

"ఏమీ పోయట్లేదు. తొమ్మిది రోజులైంది మానేసి."

"మానేస్తే తగ్గాలి కదమ్మా? ఇది ఎక్కాల పుస్తకంలా పెరుగుతోంది. నీళ్లు వాటంతటవి మందు తయారు చేసుకోవు. ఎవరో పోస్తున్నారు."

"ఎవరు పోస్తారు? ఈ ఇంట్లో దానివైపు చూసే మనిషే లేడు."

"ఎందుకు లేడూ?" అంది అత్తగారు. "నువ్వు ఆరింటికి డ్యూటీకి పోయేముందు పోసేదానివి. వాడు తొమ్మిదింటికి షాపుకెళ్లేముందు పోస్తాడు."

 ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగైదు నెలలైంది. వంతులేసుకున్నారనుకున్నానమ్మాయ్. మాటలు లేకపోయినా వంతు తప్పట్లేదు, ఎప్పటికైనా కలుస్తారులే అని సంతోషించాను. నువ్వు మానేశాక వాడొక్కడే రెండు వంతులూ చేస్తున్నాడనుకున్నాను. నాకేం తెలుసు, తల్లీ?"

మాస్టారు కుట్టుమిషన్ దగ్గరికెళ్లాడు. కింది సొరుగు లాగి, గుండీల డబ్బా వెనక నుంచి ఒక సీసా తీశాడు. తొట్టె కింద అలమరలో ఉన్న సీసా లాంటిదే, ఆయన సొంతంగా కొన్నది. అందులో అడుగున రెండు వేళ్లంత మిగిలింది.

"ఎంత పోశారు?" ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది.

"మొదట ఒక మూత. తర్వాత... రెండు. ఈ వారం మూడు."

"మూడా! మీకేమైనా మతిపోయిందా? కొసలు కాలిపోయాయి, కనబడట్లేదా? కళ్లెదురుగా ఇంత పుస్తకం పెట్టాను, ఒక్కసారి తెరిచి చూడకూడదూ?"

"రోజూ చూస్తున్నాను."

"చూసీ పోశారా?"

"చూశాకే పోశాను." ఆయన సీసా మూత తిప్పుతూ, మళ్లీ బిగిస్తూ ఉన్నాడు. "నువ్వు టెస్టు చేసి నంబరు రాస్తావు, అంతే అనుకున్నాను. మీ ఆస్పత్రిలో మందిచ్చేది వేరేవాళ్లు కదా. నువ్వు కూడా పోస్తున్నావని తెలీదు. ఎనిమిది ఉన్నది తొమ్మిదైంది. తొమ్మిది పది అయింది. పెరుగుతోంది కదా అని..."

"పెరిగితే మంచిదని ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే."

ఆమెకి అర్థం కాలేదు.

"ఆస్పత్రిలో," అన్నాడు. "రోజూ పొద్దున్న నువ్వు ల్యాబ్‌లోంచి కాగితం పట్టుకుని వచ్చేదానివి. ఎంత అని అడిగేవాణ్ణి. ప్లేట్‌లెట్ల నంబరు పెరిగితే చాలండీ, పిల్ల గట్టెక్కుతుంది అనేదానివి. ఆరు రోజులు అడిగాను. ఒక్కరోజూ పెరగలేదు. ఇక్కడ పెరుగుతోందే... ఇక్కడైనా పెరుగుతోందని... ఇంకాస్త పోశాను."

ఆ కాగితాలు ఆమెకి గుర్తున్నాయి. ఆరూ ఆమె చేత్తో రాసినవే. మెట్ల కింద ఈయన నిలబడి ఉండేవాడు, ఇదే టేపు మెడలో, షాపులోంచి అలాగే పరిగెత్తుకొచ్చి. నంబరు చెప్పగానే తల ఊపి, "రేపు పెరుగుతుందిలే," అనేవాడు. ఆమెకి ధైర్యం చెప్పడానికి అంటున్నాడనుకుంది గానీ, ఆయన నిజంగా నమ్మాడని ఇన్నాళ్లూ తట్టనే లేదు.

ఆమె పీట మీద కూలబడింది. "అయ్యో," అంది. ఒక్కసారే అంది. తర్వాత ఎనిమిది నెలలుగా రానిది వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆయన వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నాడు, సీసా ఒళ్లో పెట్టుకుని. ఏం చెయ్యాలో తెలీక ఆమె పాదం పట్టుకున్నాడు.

"ఆ నంబరు పెరగకపోవడం నీ తప్పు కాదు," అన్నాడు. "నీ చేతుల్లో ఏదీ పోలేదు."

పాపం షాపతనికి బకెట్లు ఎటు పెట్టాలో తెలియలేదు. అత్తగారు కళ్లు తుడుచుకుని, "నువ్వు ఖాళీ బకెట్లతోనే వెళ్లు నాయనా. పోయేముందు దానికేం చెయ్యాలో చెప్పి వెళ్లు," అంది.

"ఏం లేదు మామ్మగారూ. రెండు సీసాలూ మూసి పెట్టండి. వారం వారం కాసిని నీళ్లు మార్చండి. నంబరు మెల్లగా దిగాలి. కంగారుపడి ఒక్కసారిగా దించితే అదీ ప్రమాదమే." గుమ్మం దగ్గర ఆగాడు. "మొదలు దగ్గర రంగు ఇంకా ఉంది. బతకొచ్చు. బతుకుతుందని మాత్రం మాటివ్వలేను."

మర్నాటి నుంచి ఐదున్నరకి పీట పక్కన ఇంకో పీట పడింది. ఆయన చుక్కలు లెక్కపెట్టేవాడు. నోటుపుస్తకంలో 'ఎవరు పోశారు' అని ఆమె కొత్తగా ఒక గడి గీసింది. చాన్నాళ్లు అందులో ఎవరి పేరూ పడలేదు.

"ఇవాళెంత?"

"పదకొండు."

"తగ్గింది." పుస్తకం వైపు చూసేవాడు. "తగ్గితే మంచిదే కదూ?"

"మంచిదేనండీ."

రోజూ అడిగేవాడు. రోజూ చెప్పేది. ఎనిమిదికి దిగడానికి నెల పట్టింది. తెల్లబడ్డ కొసల్లో రెండు విరిగిపడ్డాయి, మిగతావాటికి రంగు తిరిగింది. గడిలో ఒకరోజు ఆయన పేరు, మర్నాడు ఆమె పేరు పడటం మొదలైంది.

నాలుగో నెలలో ఒక పొద్దున్న ఆయన టేపు గాజుకి ఆనించి చూసి, ఆమెని పిలిచాడు. ఊదారంగు కొస ఆరో గీత దాటింది. దాటిందంటే బియ్యపుగింజంత. ఆమె అలమరలోంచి అమ్మాయి నల్ల పెన్ను తీసి ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా బట్ట మీద గీతలు గీసి బతికిన మనిషి, ఒక్క గీత గీయడానికి రెండు చేతులూ వాడాడు. అయినా వంకర పోయింది.

"నీటిపిల్లి చూస్తే నవ్వేది," అంది ఆమె.

బిడ్డ పేరు ఆ ఇంట్లో వినబడి ఏడాదైంది. ఆయన సగం నవ్వి గీత వైపు తిరిగాడు. తుడిచి మళ్లీ గీయబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి," అని, పక్కన తారీఖు తనే వేసింది.