బెలికామెన్ డ్యామ్‌లో ఇరవయ్యో వెర్షన్

"మన ఏజెంట్‌ని ఒకణ్ణి పొద్దున్నే కాల్చేశారు," అన్నాడు కర్నల్ త్సాంకోవ్ ఫోన్‌లో. "పోయేముందు ఒక్క కబురు పంపాడు. బెలికామెన్ డ్యామ్ కంప్యూటర్లో ఎవరో రన్‌టైమ్, అదే ప్రోగ్రాములన్నిటినీ నడిపించేది, దాని ఇరవయ్యో వెర్షన్ ఎక్కించారు. అంతా విషం. పన్నెండింటికి గేట్ల ప్రోగ్రామ్ దాని మీద నడిచిందో, గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. పాత పద్దెనిమిదే నడవాలి. అర్థమైందా?"

ఏజెంట్ వెసెలిన్‌కు అర్థం కాకేం! డ్యామ్ కింది బడిలోనే అతని భార్య మిల్కా పాఠాలు చెబుతోంది.

పదకొండూ యాభైకి అతను, ఇంట్లో భార్యకు కూడా చెప్పుకునే ఏసీ మెకానిక్ వేషంలో, కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. కంప్యూటర్ ముందు ఎర్రగౌను జోర్నిత్సా. రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్ అక్కడ ఉంచిన ఏజెంట్.

"బనిత్సా రొట్టె వేడిగా ఉందా?" అన్నాడు.

"పెరుగైతే చల్లగా ఉంది." కోడ్ తప్పులేకుండా చెప్పి, లిప్‌స్టిక్ అతని గుండెకు గురిపెట్టింది. అందులో తూటా ఒక్కటే. ఒక్కటి చాలు.

"నువ్వా, పాపిష్టిదానా!"

"నేనే. కదలకు." ఎడమచేత్తో ఒక కమాండ్ కొట్టింది. స్క్రీన్ మీద ఇరవై. "మార్చేశాను. చూసుకో."

వెసెలిన్ చూశాడు. ఆమె మార్చింది ఆ ఒక్క విండోలోనే. గేట్ల ప్రోగ్రామ్ రోజూ తన విండో తానే కొత్తగా తెరుచుకుంటుంది, డిఫాల్ట్ వెర్షన్, అంటే పాత పద్దెనిమిదే, తీసుకుంటుంది. ఆ డిఫాల్ట్‌ను ఆమె ముట్టుకోలేదు. ఇంకొక్క లైన్ కొడితే ఊరు మునుగుతుంది. అది ఆమెకు గుర్తురాకూడదు.

జీవితంలో ఎవరి ముందూ వంగని మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "అబద్ధం! మారలేదు. మళ్లీ చూపించు!"

"కళ్లు దొబ్బాయా?" మళ్లీ కొట్టింది. ఇరవై. "ఏడువు, బాగా ఏడువు. అవునూ, మీ ఆవిడకి ఈతొచ్చా?"

ఒళ్లు మండిపోయింది. అయినా ఏడ్చాడు. ఇంకోసారి చూపించమని బతిమాలాడు. ఆమె ముచ్చటపడి ఇంకోసారి చూపించింది.

పన్నెండు కొట్టింది. కొత్త విండో తెరుచుకుంది. పద్దెనిమిది. రోజూలాగే ఒక్క గేటు జానెడు లేచి ఆగింది.

జోర్నిత్సా నోరు తెరుచుకుని స్క్రీన్ వైపు తిరిగింది. అంతలోనే స్పానర్ ఆమె మణికట్టు మీద పడింది. తూటా సీలింగ్‌లోకి పోయింది.

"ఎలా?" అంది, సంకెళ్లు పడుతుంటే.

"డిఫాల్ట్ మీ బాసొచ్చి మారుస్తాడనుకున్నావా? ట్రైనింగ్ మొదటిరోజు ప్రతి వెధవా చేసే తప్పే ఇది."

ఫోన్ మోగింది. మిల్కా.

"ఏమయ్యా, ఊళ్లో ఏసీలన్నీ బాగుచేస్తావు. మనింట్లో ఫ్యాన్ తిరగక నెలైంది. నీకసలు పని వచ్చా?"