డబ్బాలో పై సగం

మేఖల పోయిన రోజున ఆమె మణికట్టు మీది మీటరు వెంటనే ఆగలేదు. ఊపిరి నిలిచిపోయాక కూడా కాసేపు, పొద్దున ఆస్పత్రిలో తాగిన రాగిజావ ఎంతవరకు ఒంటబట్టిందో ఆ మీటరు చూపిస్తూనే ఉంది. దాన్ని కనిపెట్టింది సువర్చల. మేఖల ఆమెకు ఒక్కగానొక్క కూతురు. తను చేసిన యంత్రం, తన కూతురి చేతి మీద, ఇంకా ఏదో జరుగుతున్నట్టు పచ్చటి అంకెలు మారుస్తూ ఉంటే, సువర్చల మంచం పక్కన కూర్చుని చూసింది. నర్సు దాన్ని విప్పి ఆమె అరచేతిలో పెట్టాక గాని అంకెలు ఆరిపోలేదు.

శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు గ్రాహ్యమాపకం, అంటే ఎసిమిలేషన్ మీటర్. జనం మాత్రం ఒంటబట్టు మీటరు అంటారు. అంతకుముందు అన్నం పొట్లాల మీదా డబ్బాల మీదా పోషకాల వివరాలు అచ్చువేసేవారు. డబ్బాలో ఏముందో అవి చెప్పేవి. తిన్నవాడి ఒంట్లోకి ఏం చేరిందో చెప్పేవి కావు. సువర్చల యంత్రం చర్మం మీదినుంచే నెత్తురును చదివి, ఏ ముద్దలోంచి ఏ పోషకం ఎంత చేరిందో చెబుతుంది. ఇరవై రెండో శతాబ్దం దగ్గరపడుతున్న ఈ రోజుల్లో అది లేని చెయ్యి కనబడదు. చివరికి, విడిపోయిన కుటుంబాల్లో బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న తగువు వచ్చినా, పిల్లల పోషణ మండలి మొదట ఆ మీటరునే అడుగుతోంది.

ఇప్పుడు సువర్చల తగువు కూడా మండలి ముందే ఉంది.

తగువు తన్మయి కోసం. మేఖల కూతురు. ఏడేళ్లది. తల్లి పోయిన తర్వాత సరిగా తినక చిక్కిపోయింది. పొద్దువాలితే గుమ్మం కనబడక తడుముకునేది. విటమిన్-ఏ లోపం అన్నారు డాక్టర్లు. తండ్రి ప్రద్యుమ్న సముద్రం నడిమధ్య గాలిమరల మీద ఉద్యోగం చేస్తూ నెలల తరబడి ఇంటికి రాడు. ఏడాది తిరక్కుండా నూకరత్నాన్ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కాకినాడ సముద్రపు గోడ మీద పంపుల ఇంజనీరు. మండలి తీర్పు చెప్పేదాకా తన్మయి నెలలో సగం రాజమండ్రిలో అమ్మమ్మ దగ్గర, సగం కాకినాడలో పిన్ని దగ్గర ఉండాలి.

నూకరత్నం మొదటిసారి గుమ్మంలోకి వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టి "అమ్మా" అంది. రెండో పెళ్లాంగా వచ్చిన పిల్ల పోయినావిడ తల్లిని అమ్మా అని పిలవడం ఆ వైపు ఆనవాయితీ. సువర్చల కాళ్లు వెనక్కి తీసుకుంది.

"సువర్చలగారూ అంటే చాలు," అంది.

"అలవాటైపోతుందిలెండమ్మా," అని నవ్వింది నూకరత్నం.

ఆ నవ్వును సువర్చల క్షమించలేదు.

ఇద్దరూ పిల్లకు ఒకే కూర పెట్టాలని డాక్టరు చెప్పాడు. కొబ్బరిపాలలో ఉడికించిన తీపి గుమ్మడికాయ. గుమ్మడిలోని పసుపు రంగే ఒంట్లో విటమిన్-ఏ అవుతుంది. కాని కొవ్వు తోడు లేకపోతే అది పేగుల్లోంచి ఊరికే జారిపోతుంది. కొబ్బరిపాలలో విటమిన్-ఏ లేదు, మాంసకృత్తులు కూడా కొద్దే. వాటిలో ఉన్నది కొవ్వు. గుమ్మడి సత్తువను మోసుకెళ్లేది అదే.

కోనసీమ తోటల్ని ఉప్పునీరు తినేసి ఒక తరం గడిచింది. ఇప్పుడు ఊళ్లో దొరికేది కణకొబ్బరి, అంటే సెల్ కల్చర్‌తో తొట్లలో పెంచి, పిండి, డబ్బాల్లో నింపిన పాలు. చిక్కదనం కోసం జిగురు కలపకూడదని చట్టం. అవీ ఇంటికి రోజుకొక్క డబ్బానే ఇస్తారు. నూకరత్నం ఆ డబ్బాలే వాడేది. సువర్చల మాత్రం గాజుతోటలో దీపాల కింద పండించిన అసలు కొబ్బరికాయలు తెప్పించి, అమ్మమ్మల నాటి కోరాంతో కోరి, గుడ్డలో వేసి చేత్తో పిండేది. వేళ్ల కణుపులు నొప్పిపెట్టేవి. పిల్లకు సగం, తనకు సగం కొలిచి పోసేది. కొలత తప్పితే పరీక్ష తప్పుతుందని ఆమె నమ్మకం.

నెలాఖరున మీటరు ఫలితాలు వచ్చాయి. రాజమండ్రిలో తిన్న గుమ్మడి పిల్లకు అంతంతమాత్రంగా ఒంటబట్టింది. కాకినాడలో తిన్నది దాదాపు రెండింతలు ఒంటబట్టింది.

సువర్చల ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఎవరో తెచ్చిన డబ్బా! తొట్టిలో పెరిగిన పాలు! తన చేతులతో పిండిన పాలకంటే దానికి బలమెక్కడిది?

మర్నాడే కాకినాడలో నూకరత్నం వాడే రకం డబ్బానే తెప్పించి తన పరీక్షాలయానికి తీసుకెళ్లింది. అక్కడా, బయటికెళ్తే చెవిలోనూ కళ్లద్దాల్లోనూ ఉండి ఆమెకు సాయం చేసే యంత్రం పేరు కొలత. సువర్చలే పెట్టింది. ఆమె అలవాటు ప్రకారం డబ్బాను బాగా కుదిపి, తెరిచి, చెంచాడు దాని ముందుంచింది.

"చెప్పు."

"తాజా పాలకంటే కొవ్వు కొంచెం ఎక్కువే. దీపాల కింద కాసిన కాయల్లో నూనె తక్కువ."

"రెండింతలు ఉందా?"

"లేదు."

"పిల్ల డబ్బాలో సగం తాగితే మీటరు చూపించినంత కొవ్వు చేరుతుందా?"

"చేరదు. పాప సగంకంటే ఎక్కువ తాగి ఉండాలి."

"సగమే. 'పిన్నీ నేనూ చెరిసగం అమ్మమ్మా' అని అదే చెప్పింది. అది అబద్ధమాడదు."

"అయితే నాకు తెలియదు. నమూనా తీసే ముందు మనం డబ్బాను కుదిపాం. అది కూడా రాసుకోమంటారా?"

"ఎప్పుడూ చేసేదేగా. అక్కర్లేదు," అంది సువర్చల. ఆమెకు కావలసిన జవాబు దొరికేసింది. నూకరత్నం ఇంజనీరు. యంత్రాలు విప్పి బిగించే చెయ్యి. పిల్ల మీటరును తారుమారు చేసింది.

ఆ మాటే రాసి మండలికి ఫిర్యాదు పంపింది. నిజమని తేలితే నూకరత్నం పిల్ల ఛాయలకు కూడా రాకూడదు. విచారణ సోమవారం. ఆలోపు దొంగను పని మీద ఉండగానే పట్టుకోవాలని, చెప్పాపెట్టకుండా కాకినాడ వెళ్లింది.

తలుపు తన్మయి తీసింది. సాయంత్రపు మసక వెలుతురులో గుమ్మం దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎక్కడా తడుముకోలేదు.

"పిన్నీ! అమ్మమ్మొచ్చింది! నాకోసమే!"

"నీకోసం కాక నాకోసమొస్తారేటే," అంటూ వంటింట్లోంచి తొంగిచూసింది నూకరత్నం. ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది. మోచేతి దాకా గ్రీజు మరక. మనిషి పెళ్లినాటి కంటే సగమైపోయింది. "రండమ్మా. సమయానికొచ్చారు. కూరుడికింది, పాలు పోయడమే తరువాయి."

సువర్చల వంటింటి గుమ్మంలోనే నిలబడింది. పిల్ల చేతి మీటరును పట్టి పట్టి చూసింది. ముద్ర చెక్కుచెదరలేదు.

నూకరత్నం అలమరలోంచి డబ్బాను రెండు చేతులతో, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు, కదలకుండా దించింది. మూత తీసింది. పైన తెల్లగా, గట్టిగా, వెన్నలా తేరుకుని ఉంది. గరిటెతో ఆ మీగడంతా తీసి పిల్ల గిన్నెలోని గుమ్మడి ముక్కల మీద వేసింది. అడుగున మిగిలిన పల్చటి నీళ్లు తన గిన్నెలో వంచుకుంది. తన్మయి రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి, కళ్లు వాటి అంచుకు ఆనించి చూసింది.

"సమానం! చెరిసగం! ఈసారి కూడా మోసం లేదు పిన్నీ."

"నీ దగ్గర మోసమా తల్లీ. సముద్రాన్నైనా మోసం చెయ్యొచ్చు గాని."

సువర్చల ఒక అడుగు లోపలికి వేసింది. "డబ్బా కుదపవా నువ్వు?"

"కుదిపితే మీగడ కలిసిపోద్ది కదమ్మా. దానికి మీగడంటే ప్రాణం." నూకరత్నం గొంతు తగ్గించింది. "నా గిన్నెలో పల్చగా ఉందని తెలిస్తే తినదండి. మొదట్లో నేను తినందే ముద్ద ముట్టేది కాదు. వాళ్లమ్మ తినకుండా తినకుండానే పోయిందనుకుంటోంది పిచ్చిది. అందుకే ఈ చెరిసగం ఆట."

ఆ మాట సువర్చలకు ఇప్పుడే తెలిసింది. తన ఇంట్లో పిల్ల సగం గిన్నె వదిలేసేది. ఎందుకని అడగడం ఆమెకు తోచలేదు. మిగిలిందెంతో తూచి రాసేది.

నూకరత్నం పళ్లేలు తీయడానికి చెయ్యి చాపినప్పుడు ఆమె మీటరు కనబడింది. లోపలివైపు తిప్పి పెట్టుకుంది. అంకెలు పచ్చగా లేవు. ఎర్రగా ఉన్నాయి, పాతబడిన ఎరుపు. సువర్చలకు ఆ అంకెలు చదవడం వచ్చు. పిల్ల మీటరు ఎక్కిన ప్రతి మెట్టూ ఈ మీటరు దిగింది. ఒక్క మనిషి ఒంట్లోకి ఏం చేరిందో కొలిచే యంత్రాన్ని ఆమె తయారుచేసింది. అది ఎవరి గిన్నెలోంచి వచ్చిందో కొలవాలని ఆమె ఏనాడూ అనుకోలేదు.

పశ్చాత్తాపం వస్తుందనుకుంది. రాలేదు. దానికంటే ముందు అసూయే వచ్చింది, మునుపటికంటే పదునుగా. డబ్బా మీద కాదు. పాల మీద కాదు. ఆ ఆకలి మీద. పిల్ల కోసం పస్తుండే హక్కు తనది. రక్తం తనది. మరి తను ఎందుకు చెరిసగం కొలిచింది?

"కూర్చోండమ్మా, మీరూ తిందురుగాని," అంది నూకరత్నం. మరో గిన్నె తీసింది. పిల్ల గిన్నెలోంచి తియ్యలేదు. గరిటె అంచుకు అంటుకున్న చివరి మీగడను వేలితో తుడిచి, సువర్చల గిన్నెలో వేసింది.

సువర్చల తిన్నది. బాగుంది.

తిరుగు రైలులో చెవిలోని కొలత పలికింది. "వంటింటి దృశ్యం నమోదైంది. పాప మీటరులో మోసం లేదు. ఇంకో సంగతి. పెంచేవారికి తగినంత పోషణ లేని ఇంట్లో బిడ్డను ఉంచరాదని మండలి నియమం ఉంది. నూకరత్నం అంకెలు ఆ హద్దు కింద ఉన్నాయి. వాటిని జతచేస్తే తన్మయి మీ దగ్గరకే వస్తుంది."

సువర్చల కిటికీలోంచి చూసింది. ఒకప్పుడు కొబ్బరితోటలున్న చోట ఉప్పునీళ్ల మీద రైలు దీపాలు పరుగెడుతున్నాయి.

"ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటారా? లేక ఈ అంకెలు జతచెయ్యమంటారా?"

ఆమె నోట్లో మీగడ రుచి ఇంకా ఉంది. మణికట్టు మీద ఆమె సొంత మీటరు, చాలా నెలల తర్వాత మొదటిసారి, పచ్చగా వెలిగింది. దాన్ని కొంగుతో కప్పుకుంది.

కొలత మరోసారి అడిగి ఊరుకుంది.

విచారణ సోమవారం. ఫిర్యాదు ఇంకా మండలి దగ్గరే ఉంది.