పెద్ద సిర దగ్గర పడ్డ పేచీ

ఛాతీలో గడ్డలు తీసే డాక్టరుకీ, రక్తనాళాలు కుట్టే డాక్టరమ్మకీ ఒక్క క్షణం పడేది కాదు. ఆస్పత్రి మీటింగుల్లో అతను "గడ్డ తీసేస్తే చాలదా?" అనేవాడు. ఆమె "సిర సంగతి మీ తాతగారు చూస్తారా?" అనేది. మిగతావాళ్లు టీ తాగుతూ వినోదం చూసేవారు.

అలాంటిది, ఒకరోజు అతని సొంత తల్లికే ముఖం వాచింది. మెడ మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. స్కాన్ తీస్తే ఛాతీలో గడ్డ! తల నుంచీ చేతుల నుంచీ గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను గట్టిగా చుట్టేసుకుని ఉంది.

ఆ స్కాన్ పట్టుకుని అతను ఎవరి గదికి పరుగెత్తాడో వేరే చెప్పాలా?

"సిర గోడను కాస్త గీకితే సరిపోతుందేమో..." అన్నాడు.

"సరిపోదు. పాడైన ముక్క తీసేసి, కొత్త గొట్టం వేసి కుట్టాలి. గడ్డ మీ విభాగం పెద్ద డాక్టరుగారు తీస్తారు, సిర నేను చూస్తాను. మీరు బయట కూర్చోండి."

"నేను సర్జన్నండీ!"

"ఆవిడకి కొడుకు కూడానూ. అందుకే బయట."

అతను స్కాన్ ఆమె బల్ల మీదే వదిలి బయటికి నడిచాడు.

ఆపరేషన్ రోజున, ఇన్నాళ్లూ పేషెంట్ల బంధువులకు ధైర్యం చెప్పి చక్కా పోయిన ఆ పెద్దమనిషి, తలుపు కదిలినప్పుడల్లా బెంచీ మీంచి లేచాడు. "కంగారు పడకండి సార్, మామూలు ఆపరేషనే" అని నర్సు అంటే ఆమెను కొరకొరా చూశాడు. అది అతని సొంత డైలాగే మరి!

చివరికి డాక్టరమ్మ బయటికొచ్చింది. బుగ్గల మీద మాస్కు గీతలు.

"గడ్డ మొత్తం వచ్చేసింది. కొత్త గొట్టంలో రక్తం చక్కగా పారుతోంది."

అతను గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. ఆమె పక్కనే నిలబడింది.

"మొదటి కుట్టు వేసేటప్పుడు నా చెయ్యి వణికింది" అంది మెల్లగా.

"మీకా? ఎందుకు?"

"బయట కూర్చున్నది మీరు కాబట్టి."

వారం గడిచింది. వాపు తగ్గిన ముఖంతో తల్లి మంచం మీద కూర్చుంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్! మావాడు రెండేళ్లుగా అన్నం దగ్గర నిన్ను తిట్టడమే. కూర చల్లారినా ఆపడు. నచ్చని మనిషి గురించి ఎవరైనా అంతసేపు మాట్లాడతారా?" అంది.

"అమ్మా!" అన్నాడు అతను, చెవులు ఎర్రబడుతుండగా.

"నువ్వుండరా. చెప్పమ్మా, వీడితో జన్మంతా దెబ్బలాడగలవా?"

డాక్టరమ్మ సెలైన్ సీసా వంక చూస్తూ, "రోజూ అంటే కష్టమండీ. ఆదివారం సెలవు కావాలి" అంది.

"నాకు తీరికుండేదే ఆదివారం!" అన్నాడు అతను గభాలున.

"అయితే ఆ దెబ్బలాట శనివారమే కానిచ్చెయ్యండి!" అంది ఆమె.

"శనివారం నాకు ఓపీ!"

గుండెల మీద కుట్లు లాగుతున్నా, తల్లి దిండు హత్తుకుని పకపకా నవ్వింది.