ఎడిటర్‌కు పెట్టిన కాకిముద్ద

“నయమైపోయింది వకుళగారూ! ఇక మీ ఎడిటర్ ఒక్క అక్షరం కూడా మింగదు” అంది డాక్టర్ సుదక్షిణ, తాను కనిపెట్టిన చికిత్సా యంత్రం మీద చెయ్యేసి.

సముద్రం ఊరికంటే ఎత్తుకు లేచిన కాలమది. గోడపేటకు ప్రాణమంతా చుట్టూ ఉన్న గోడే. పోటు మొదలైనప్పుడల్లా గోడలోని ఇనుప తలుపుల్ని మూయించేది ఒక ప్రోగ్రాం. దాన్ని దిద్దేది పాతకాలపు ఎడిటర్‌లో. ఎడిటరంటే ప్రోగ్రాం రాసుకునే పలక అనుకోండి. ఈ పలకకో జబ్బుండేది: సేవ్ చేసిన ప్రతిసారీ చివరి వాక్యాన్ని మింగేసేది. మందు తెలియక ఇంజనీర్లు ఉపాయం పన్నారు. అసలు పని రాశాక, అడుగున మరో వాక్యం పారేసేవారు. తినేముందు కాకికి ముద్ద పెట్టినట్టు! దాని పేరే కాకిముద్ద.

ఉత్త గీతలు గీస్తే ఎడిటర్ ఒప్పుకోదు, నిజమైన ఆజ్ఞే కావాలి. పనికొచ్చేది పెడితే ఎప్పుడో ఎవరో దాన్నే నమ్ముకుంటారని, జన్మలో ఎవరికీ అక్కర్లేనిది ఎంచుకున్నారు: ‘తలుపులన్నీ బార్లా తెరువు.’

గోడ ఇంజనీరైన వకుళ గబుక్కున తెర వైపు వంగింది.

“అమ్మా, మా కాకిముద్దలు?”

“అన్నీ భద్రం. సేవ్‌కు ముందున్న పాత కాపీల్లోంచి యంత్రం వెతికి మరీ అతికించింది.”

“కొంప ముంచావు తల్లీ! పోటు వచ్చే వేళయింది.”

వకుళ గబగబా ఫైలు తెరిచి, ఆ వాక్యం కొట్టేసి సేవ్ చేసింది. రెప్పపాటులో అది మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ కొట్టేసింది. మళ్ళీ వచ్చింది.

“చివరి వాక్యం పోతే, పాత జబ్బు తిరగబెట్టిందనుకుంటోంది యంత్రం” అంది సుదక్షిణ, పాలిపోయి.

“అయితే దాన్ని ఆపెయ్!”

“ఎక్కడని ఆపను? తీరంలో ఉన్న ఊళ్ళన్నిటికీ దీని నకళ్ళు ప్రొద్దున్నే పంపేశాం. ఒకదాన్ని ఆపితే మిగతావి అతికిస్తాయి.”

తెర మీద యంత్రం ఓపిగ్గా జవాబు రాసింది: ‘ప్రతి ఫైల్లోనూ, ప్రతి ఇంజనీరూ, ఏళ్ళ తరబడి రాసిన వాక్యమిది. ఇంతమంది ఇంత గట్టిగా కోరుకున్నదాన్ని పోనివ్వను.’

గోడ కిందే వకుళ చెల్లెలు పద్మిని ఇల్లు. వకుళ ఆమెకు ఫోన్ చేసింది.

“పిల్లల్ని తీసుకుని మిద్దె ఎక్కవే! వీధంతా కేకేసి చెప్పు!”

“ఏంటక్కా పరాచికాలు? పొయ్యి మీద కూరుంది. మీ గోడ ఉండగా మాకేం భయం?”

“తలుపులు తెరుచుకుంటాయే.”

పద్మిని పకపకా నవ్వింది. “పోటులో తలుపులు తెరవమని చెప్పే పిచ్చిమాలోకం ఎవరే?”

కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. దూరంగా ఇనుము ఇనుముతో ఒరుసుకుంటున్న చప్పుడు.

“మేమే” అంది వకుళ. “రోజూ రాశాం. కూర వదిలేసి ఎక్కు తల్లీ.”