కుర్చీలో నాంచారమ్మ

గిరిధర్ ఫోరెన్సిక్ మెడిసిన్ ఎంచుకోవడానికి ముఖ్యకారణం, అక్కడి పేషెంట్లు ఎదురు ప్రశ్నలు వేయకపోవడం. బందరులో తను పనిచేసే మెడికల్ కాలేజీలో అబార్షన్ చట్టం మీద పాఠం చెప్పడానికీ అదే ధీమాతో వెళ్ళాడు.

"పెళ్ళైన స్త్రీకి అబార్షన్ చేయాలంటే భర్త సంతకం తప్పనిసరి."

"ఏ సెక్షన్ ప్రకారమండీ?"

వెనక బెంచీలోంచి లేచింది శ్రీదుర్గ. గైనిక్ విభాగంలో కొత్తగా చేరిన డాక్టరు. అతను చట్టం చెప్పాక వైద్యం తను చెప్పాలి కనుక వచ్చి కూర్చుంది.

"సెక్షన్... చూసి చెప్తానండీ."

"చూడండి. మేజరైన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు. భర్తది అక్కర్లేదు. అత్తగారిది అసలే అక్కర్లేదు."

క్లాసంతా గొల్లున నవ్వింది.

సాయంత్రం గిరిధర్ చట్టం తీసి చూశాడు. ఆమె చెప్పినట్టే ఉంది. తన చదువు రోజుల్లో ప్రొఫెసరుగారు ఈ పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేశారు. తనూ శ్రద్ధగా దాటేశాడు. మర్నాడు క్లాసులో తప్పు దిద్దుకుని, ఆ సంగతి ఆమెకు చెప్పడానికి గైనిక్ విభాగం మీదుగా వెళ్ళాడు. అతని గదికి అది బాగా చుట్టుదారి. అప్పట్నుంచీ రోజూ ఆ దారే దగ్గరనిపించసాగింది.

ఓ రోజు వెళ్ళేసరికి శ్రీదుర్గ మొహం ముడుచుకుని ఉంది.

"అబార్షన్‌కొచ్చే పేషెంటుతో ఎలా మాట్లాడాలో పిల్లలకి నేర్పాలండీ. ఎవరైనా పేషెంటుగా నటించాలి. ఊళ్ళో తెలిస్తే ఇంకేమైనా ఉందా అని అమ్మాయిలెవరూ రావట్లేదు. మా సార్‌ని అడిగితే ఏమన్నారో తెలుసా?"

ఆమె విభాగాధిపతి పూర్ణచంద్రరావు గారు చాలా దయగా సెలవిచ్చారట: "క్లాసెందుకమ్మా? వాళ్ళు బయటెక్కడో చేయించుకుని, కేసు పాడుచేసుకుని చివరికి మన దగ్గరికే వస్తారుగా. అప్పుడు చూసి మన పిల్లలు నేర్చుకుంటారు."

గిరిధర్‌కి నవ్వు రాలేదు. అలా రావడం ఆలస్యమైనవాళ్ళు చేరేది తన పోస్ట్‌మార్టం బల్ల మీదికే.

"నేను కూర్చుంటానండీ."

"మీరా? ఆ మీసంతోనా?"

"మీసానికి చట్టంలో అభ్యంతరమేం లేదండీ. ఈసారి చూసే చెప్తున్నా."

ఆమె పగలబడి నవ్వింది. అతను తొలిసారి చట్టాన్ని మనసారా మెచ్చుకున్నాడు.

క్లాసు రోజున ఎవరిదో కలంకారీ చున్నీ తలమీద కప్పుకుని కూర్చున్నాడు. పేరు నాంచారమ్మ, ఊరు ముదినేపల్లి, ఇద్దరు పిల్లల తల్లి. ఎదురుగా డాక్టరు పాత్రలో మోహన్ అనే విద్యార్థి.

"ఏంటమ్మా ప్రాబ్లమ్?"

"కడుపండీ. ఉంచుకోలేనండీ."

నవ్వులే నవ్వులు.

"మీ ఆయనేడీ? ఇద్దరు పిల్లలున్నాక జాగ్రత్తగా ఉండొద్దా? ఇప్పుడు గుర్తొచ్చిందా?"

గిరిధర్ జవాబు సిద్ధం చేసుకునే వచ్చాడు. అయినా నిన్నటిదాకా తనను చూసి లేచి నిలబడిన కుర్రాడి ముందు తల వంచుకుని చున్నీ అంచు నలుపుతూ ఉండిపోయాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఈవిడ మళ్ళీ మన గుమ్మం ఎక్కుతుందా?" అంది శ్రీదుర్గ మెల్లగా. "మొదట్నుంచి చెయ్యి మోహన్. తిట్టడానికి కాదు మనకి జీతమిచ్చేది."

మోహన్ ఈసారి తలుపు వేసి వచ్చాడు.

"ఇది మీ నిర్ణయమేనా అమ్మా? ఎవరైనా బలవంతపెడుతున్నారా?"

"లేదండీ. నాదే."

"సరే. ఎలా చేస్తామో చెప్తాను. అనుమానముంటే అడగండి. మీరిక్కడ చెప్పింది బయటికి పోదు."

క్లాసులో జరిగింది మాత్రం వెంటనే బయటికి పోయింది. ఎవరో ఫోటో తీశారు. క్లాసు బాగుందని ప్రిన్సిపాల్ మెచ్చుకోగానే, ఆ ఆలోచన తనదేనని పూర్ణచంద్రరావు గారు ఒప్పుకున్నారు. ఫోటో పామర్రు మీదుగా గుడివాడ చేరేసరికి కథ ఇంకా పెరిగింది. అక్కడుంటున్న గిరిధర్ తల్లి సుబ్బులమ్మ పరుగున బస్సెక్కి వచ్చింది.

"ఆడవేషం కట్టావంట! కడితే కట్టావు, ఆ కడుపేంట్రా?"

"తప్పు నాదేనండీ, అత్తయ్యగారూ," అంటూ అడ్డొచ్చింది శ్రీదుర్గ. క్లాసులో జరిగిందంతా చెప్పింది.

సుబ్బులమ్మ అంతా విని, అక్కడున్న కుర్చీలో కూర్చుంది.

"వీడి తర్వాత నేనూ వెళ్ళానమ్మా అలాంటి గదికి," అంది. "ఆ డాక్టరు అన్న మాటలు వీళ్ళ నాన్నతో కూడా చెప్పలేదు. నొప్పి ఆ వారమే పోయింది. మాటలు పోలేదు. నువ్వీ క్లాసు ఆపకు తల్లీ."

గిరిధర్ వంగి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఈ మాట చెప్పలేదు. తనూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

సాయంత్రం ఇద్దరూ ఆవిడను బస్సెక్కించారు. చినుకులు మొదలయ్యాయి. ఒకే గొడుగు.

"మా అమ్మని అత్తయ్యగారూ అన్నారు," అన్నాడు గిరిధర్.

"మా నాగాయలంకలో పెద్దాళ్ళందర్నీ అలాగే అంటామండీ."

"తెలుసండీ. అందర్నీ అన్నట్టు కాకుండా, నిజంగానే అంటారేమోనని అడుగుతున్నా."

శ్రీదుర్గ గొడుగులోంచి చెయ్యి చాపి వాన పట్టుకుంది. బస్సు కదిలింది. కిటికీలోంచి సుబ్బులమ్మ చెయ్యి ఊపింది.

"జాగ్రత్తగా వెళ్ళండి అత్తయ్యా!" అని అరిచింది శ్రీదుర్గ.

ఈసారి 'గారూ' లేదు.

గిరిధర్ మొహం వెలిగిపోయింది. ఆమె మాత్రం బస్సు వైపే చూస్తోంది, చెవులదాకా ఎర్రబడి.