అత్తయ్య ఉడికించిన జిగురు

రండమ్మా, చేతిలో పని ఉంటే దాన్ని కూడా తెచ్చుకుని నా పక్కన కూర్చోండి. చేతులు మీ పనికివ్వండి, చెవులు నాకివ్వండి! ఊపిరి గురించి చెబుతాను. ముక్కున్న ప్రతివాళ్ళూ పీలుస్తారు, ఇందులో చెప్పడానికేముంది అనకండి. ముక్కు లేనివి కూడా పీలుస్తాయని తెలియక ఒక ఇల్లాలు ఎంత తలవంపు తెచ్చుకుందో వింటే, మీరే లేచి వెళ్ళి మీ ఇంటి కిటికీ తీసి వస్తారు.

ఆ రోజు ఆ ఇంట్లో తెల్లవారింది కోడలి కేకతోనే.

"మళ్ళీ తీశారు! పడుకునే ముందు నా చేత్తో గడియ పెట్టాను ఈ కిటికీకి. పొద్దున చూస్తే బార్లా తెరిచి ఉంది! గడియకేమైనా కాళ్ళొచ్చాయా?"

ఆ కోడల్ని చుట్టాలందరూ చీమ అనేవాళ్ళు. ఎక్కడ గింజ దొరికినా దాచుకునే రకం, ఒక్క క్షణం కుదురుగా కూర్చునే రకం కాదు. మొగుడు సామాన్లు మోసే వ్యాను నడిపేవాడు. బయల్దేరితే ఎప్పుడు తిరిగొస్తాడో అతనికే తెలియదు. ఊరికే కూర్చోలేక చీమ ఇంటి వెనక గదిలో పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టింది. గడ్డి నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్ళోడ్చి, ప్లాస్టిక్ సంచుల్లో పరిచి, మధ్యమధ్య పుట్టగొడుగు విత్తనం చల్లి, మూతి బిగించి, సంచి చుట్టూ చిల్లులు పొడిచి దూలానికి వేలాడదీయాలి. గది చీకటిగా, చల్లగా, తడి ఆరకుండా ఉండాలి. ఆ గోడలకు నీళ్ళు చల్లడం, పుట్టగొడుగులు కోసి బుట్టలో సర్దడం అత్తగారి పని. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. "ఈ ఇంట్లో చెయ్యి ఆడితేనే నోరాడాలి" అని కోడలు ఎప్పుడో నవ్వుతూ అన్న మాటను ఆవిడ మాత్రం నవ్వుతూ తీసుకోలేదు. అప్పటినుంచీ చెయ్యి ఆడిస్తూనే ఉంది పాపం...

మొదటి పంట తెల్లటి విసనకర్రల్లా విచ్చుకుంది! హోటల్ వంటమాస్టారు వచ్చి చూసి, "రెండో పంట కూడా ఇలాగే వస్తే ఇక నా వంటింటికి మీరే ఇవ్వండమ్మా, ఇంకో గుమ్మం తొక్కను" అన్నాడు. ఆ మాటతో చీమకు కాలు నేల మీద నిలవలేదు. రెండో పంట కోసం కొత్త సంచులు కట్టింది. అవి సరిగ్గా మొలకెత్తే వేళకే ఈ కిటికీ గొడవ! గాలి వస్తే గదిలో తడి ఆరిపోతుంది, తడి ఆరితే పంట పోతుంది. అదీ చీమ భయం.

ఆ రోజే ఆడపడుచు భర్తతో కలిసి చూడ్డానికి వచ్చింది. వంటమాస్టారూ అటుగా వచ్చి కూర్చున్నాడు. నలుగురూ ఉన్నారు కదా, చూసుకుని మాట్లాడాలి కదా... లేదు! చీమకు కోపం నషాళానికి ఎక్కింది.

"దొంగ బయట ఉంటే తాళం వేస్తాం. ఇంట్లోనే ఉంటే ఏం చేస్తాం, వదినా? ఎవరో కాదు, మీ అమ్మగారే! నేను కూడబెట్టిన చల్లదనమంతా పొద్దున్నే కిటికీలోంచి పారబోస్తున్నారు. చెయ్యకపోతే పోనీ, చేసింది చెడగొట్టడమెందుకు!"

ఆడపడుచు మొహం మాడిపోయింది. వంటమాస్టారు గ్లాసులో లేని నీళ్ళు తాగాడు. అత్తగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ నిలబడింది.

"నేనే తీశానమ్మా..." అంది. "ఇక తియ్యను."

"తియ్యడానికి లేకుండా చేస్తాలెండి! కాస్త మైదా ఉడకబెట్టండి, జిగురు కావాలి" అంది చీమ.

చూశారా, ఆ పని ఆవిడ చేతే చేయించింది! ఆవిడ పొయ్యి ముందు నిలబడి, గడ్డ కట్టకుండా కలియబెట్టి, చల్లారాక గిన్నె పట్టుకొచ్చింది. కోడలు పాత పేపరు చీలికలు ఇస్తుంటే, తనే జిగురు రాసి కిటికీ సందులన్నింటికీ అంటించింది. తలుపు కింద సందులో పాత గుడ్డలు కుక్కింది. మధ్యమధ్య ఆగి తువ్వాలులో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు అందరూ... ఏడుపు కాదమ్మా అది! దగ్గు. ఊపిరి అందక, ఆ అందకపోవడం ఎవరి కంటా పడకూడదని మింగేసుకుంటున్న దగ్గు!

రోజులు గడిచాయి. సంచుల చిల్లుల్లోంచి పుట్టగొడుగులు వచ్చాయి... కానీ ఏం రావడం! కాడలు వేలెడేసి పొడుగు సాగి, కొంగమెడల్లా ఇటూ అటూ వంగి, పైన గొడుగు మాత్రం చొక్కా గుండీ అంత! చీమ విత్తనం ఇచ్చిన ఆవిడకు కబురు పెట్టింది. ఆవిడను అందరూ విత్తనాలక్క అంటారు. అక్క మర్నాడు వస్తానంది. అంతవరకూ ఆగితే ఎంత బాగుండేది! చీమ ఆగలేదు. మొగుడికి ఫోన్ చేసింది.

"మీ అమ్మగారు కిటికీ మూయించానని కసి పెట్టుకున్నారండీ! నీళ్ళలో ఏదో కలిపి చల్లారు. లేకపోతే అదే గది, అదే విత్తనం, ఇలా ఎందుకొస్తాయి? మీ అక్కగారింటికి పంపించెయ్యండి, నా వల్ల కాదు!"

గోడ అవతల అత్తగారు బుట్ట కడుగుతోంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. చీమకు ఆ ఆగిపోవడం వినబడింది... వినబడనట్టే ఊరుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. చీమది నోరు జారడం కూడా కాదమ్మా, గెంటడం!

మర్నాడు విత్తనాలక్క వచ్చింది. పెరట్లో బుట్టలో ఉన్న ఒక పుట్టగొడుగు తీసి, ఆ పొడుగు కాడను వేళ్ళ మధ్య తిప్పి చూసి, నవ్వింది.

"ఏమ్మా, వీటి పీక నొక్కావా ఏంటి?"

"నేనా? ఏం చేశానక్కా?"

"ఊపిరాడక మెడ చాచాయి చూడు! పుట్టగొడుగు మొక్క కాదు తల్లీ, దానికి పచ్చటి ఆకుందా, ఎండతో తిండి వండుకోవడానికి? మనలాగే దొరికింది తిని, మంచిగాలి తీసుకుని, చెడుగాలి వదులుతుంది. సంచి మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుందే, ఎందుకనుకున్నావు? లోపల గడ్డిని నిప్పు లేకుండా కాలుస్తోంది మరి! ఒంట్లో అణువణువూ ఆ పనే. గది మూసేస్తే అది వదిలిన చెడుగాలి అక్కడే నిండిపోతుంది. మొదటి పంటకి పొద్దున్నే కాసేపు కిటికీ తీసేదానివి కదూ? అలాగే తియ్యాలి."

చీమ ఎప్పుడూ తియ్యలేదు. తీసింది ఎవరో తెలుసు. ఆ తీసినవాళ్ళను ఏమని పిలిచిందో, ఎవరెవరి ముందు పిలిచిందో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

"అత్తయ్యా!" అని పిలిచింది. పలకలేదు. వంటింట్లో లేదు. మంచం మీద లేదు. "అత్తయ్యా!" వెనక గది తలుపు దగ్గరకు వేసి ఉంది. కింద గుడ్డలు లోపలినుంచి మళ్ళీ కుక్కి ఉన్నాయి. కోడలు చెప్పింది కదా, సందు ఉండకూడదని! చీమ భుజంతో తోసి లోపలికి వెళ్ళేసరికి, చీకట్లో, వేలాడే సంచుల కింద, గోడకు ఆనుకుని కూలబడి ఉంది అత్తగారు. ఒళ్ళో కత్తెర. చుట్టూ కత్తిరించిన కాడలు. పొడుగు కనబడకుండా కత్తిరిస్తే వంటమాస్టారు తీసుకుంటాడేమో, కోడలి మాట పోకుండా ఉంటుందేమో అని తెల్లవారినప్పటినుంచీ కత్తిరిస్తోంది! పెదవులు నల్లబడ్డాయి. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది గానీ గాలి లోపలికి పోవడంలేదు...

"అక్కా, పట్టుకో!" అని చీమ అరిచి, కిటికీ మీద పడింది. గోళ్ళతో ఆ పేపర్లు చించింది. ఎంత బాగా అంటించిందమ్మా ఆవిడ, ఒక్కటీ ఊడి రాదు! గోళ్ళు విరిగాయి. గోళ్ళ కింద ఎండిన జిగురు గుచ్చుకుంది. కిటికీ తెరుచుకుని గాలి ఒక్కసారి లోపలికి వచ్చేసరికి, సంచులన్నీ అటూ ఇటూ ఊగాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముక్కుకు గాలిగొట్టం పెట్టి, చీమను బయటకు పిలిచింది.

"ఆవిడకు ఊపిరితిత్తులు చాలాకాలంగా బాగాలేవు. పుట్టగొడుగుల గొడుగుల కిందినుంచి సన్నటి పొడి రాలుతుంది, అది ఈవిడకు పడడంలేదు. గాలి ముక్కు దాకా వెళితే చాలదమ్మా, ఒంట్లో ప్రతి కణానికీ చేరాలి. అక్కడ తిన్న అన్నం ఆ గాలితో కలిస్తేనే సత్తువ. ఇన్నాళ్ళూ అన్నం పెట్టారు సరే, గాలి అందుతోందో లేదో ఎవరూ చూడలేదా?"

అడగరాని ప్రశ్నేం కాదు. కానీ చీమకు చెంప మీద కొట్టినట్టయింది. ఒకే ఇంట్లో, ఒకే గోడ పక్కన... దగ్గును ఏడుపనుకుంది, ఆయాసాన్ని బద్ధకమనుకుంది, కిటికీని కసి అనుకుంది!

వ్యాను ఎక్కడ వదిలేసి వచ్చాడో గానీ మొగుడు పరుగెత్తుకొచ్చాడు. పెళ్ళాన్ని ఏమీ అనలేదు. "ఫోన్లో నువ్వలా అంటుంటే నేనూ ఊ కొట్టాను" అన్నాడు తలదించుకుని. ఇద్దరూ మంచం పక్కన నిలబడ్డారు. అత్తగారు కళ్ళు తెరిచి, ముందుగా కోడలి వేళ్ళకున్న కట్లు చూసింది.

"చేతులకేమైందే?"

చీమ గొల్లుమంది. "మీరు తీసిన కిటికీయే మొదటి పంటను నిలబెట్టింది అత్తయ్యా! మీకు తెలిసే తీశారు కదూ... నాకు చెప్పలేదే!"

"అయ్యో, నాకేం తెలుసమ్మా!" అంది ఆవిడ, గొట్టం వెనకనుంచి. "లేని గొప్ప నాకు అంటగట్టకు. పంటా లేదు, పాడూ లేదు... నాకే ఊపిరాడక తీసుకునేదాన్ని. కాసేపు పీల్చుకుని మూసేద్దామనుకునేదాన్ని, మర్చిపోయేదాన్ని. రోగమని తెలిస్తే పని మానిపిస్తావు, పని లేకపోతే ఉత్తి నోరే కదా అని... సిగ్గేసింది. నువ్వన్నది నిజమే. నా కోసం దొంగతనమే చేశాను."

"ఊపిరి తీసుకోవడం దొంగతనమా అత్తయ్యా!" చీమ ఆవిడ పాదాల మీద తల పెట్టేసింది. "ఆ మాట నేను మీ చేత అనిపించానే..."

అత్తగారిని ఇంటికి తెచ్చాక, చీమ ఆడపడుచునూ ఆమె భర్తనూ, వంటమాస్టారునూ పిలిచింది. ఆ రోజు ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోబెట్టింది. తను మాత్రం నిలబడే చెప్పింది.

"ఆ రోజు మీ ముందు మా అత్తయ్యను దొంగ అన్నాను. తర్వాత కసిగొట్టు మనిషి అని కూడా అన్నాను, అది మీరు వినలేదు, ఆవిడ విన్నారు. రెండూ అబద్ధం. గది గొంతు నొక్కింది నేను. ఆ జిగురు ఆవిడ చేతే ఉడికించాను..."

ఆడపడుచు మొహం తిప్పుకుంది. వెంటనే కరిగిపోలేదు, కరగాలని ఎక్కడుంది? దొంగ అనిపించుకున్నది కన్నతల్లి కదా! అత్తగారే అందుకుంది. "చాల్లేవే, నలుగురిలో అన్నావు, నలుగురిలో తీసుకున్నావు. ఇక కూర్చో." వంటమాస్టారు ఈసారి గ్లాసులో నిజంగా నీళ్ళు పోయించుకుని తాగి, "మూడో పంట చూశాక మాట్లాడుకుందాం. గొడుగులు కావాలమ్మా నాకు, కొంగలు కాదు!" అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది అత్తగారే. నవ్వు దగ్గులోకి వెళ్ళింది... ఈసారి ఆవిడ తువ్వాలు వెతుక్కోలేదు. చీమే ఆవిడ వీపు నిమిరింది.

ఇక ఆ గదిలోకి ఆవిడ అడుగు పెట్టలేదు. కానీ కిటికీ పెత్తనం మాత్రం ఆవిడదే! పెరట్లో కుర్చీ వేసుకుని, బయటినుంచే తీస్తుంది, బయటినుంచే వేస్తుంది. రోజూ తీసేముందు చీమ లోపలినుంచి ఒక్కసారి అడుగుతుంది: "అత్తయ్యా, ఊపిరి బాగా ఆడుతోందా?" ఆవిడ "ఆడుతోంది లేవే" అనేదాకా సంచుల మీద చెయ్యి వెయ్యదు. మూడో పంట విసనకర్రల్లాగే విచ్చుకుంది. వంటమాస్టారు బుట్ట తీసుకెళ్ళాడు. అయినా చీమ ఇప్పటికీ పొయ్యి మీద మైదా జిగురు వాసన వస్తే వంటింట్లో నిలబడలేదు, బయటకు వచ్చేస్తుంది.

అదమ్మా కథ. మీ ఇళ్ళల్లో నోరు విప్పని మనిషి ఎవరైనా ఉంటే, వాళ్ళ పక్కన కూర్చుని దీన్ని చెప్పండి. చెప్పేటప్పుడు పుట్టగొడుగుల సంగతి సగం మర్చిపోయినా ఫర్వాలేదు... ఆ జిగురు ఎవరు ఉడికించారో, ఎవరి కోసం ఉడికించారో, అది మాత్రం వదలకుండా చెప్పండి.