పిరికి దీపం మీద నల్ల టేపు

రొట్టెల దుకాణం వాణ్ణి మీరే చంపారు. డైరెక్టర్ గారూ, మీరే. పక్కన నిలబడి తల ఊపిన రేసింగ్ క్లబ్ పెద్దలూ, మీరు కూడా. నిప్పు పెట్టింది శత్రువే, కాదనం. తలుపుకు బయటినుంచి గడియ పెట్టింది మాత్రం మీరు.

వారమంతా పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చి, సెలవురోజున తన పాత కారుతో అమెచ్యూర్ రేసుకు వచ్చే మనిషి. మలుపులో కారు ఫుల్ స్పీడ్‌లో ఉండగా ఇంజిన్ బిగుసుకుపోయింది. చక్రాలు లాక్ అయ్యాయి. కారు గోడకు కొట్టుకుని, పల్టీలు కొట్టి, తగలబడింది. హెల్మెట్ తీస్తే చర్మం కూడా ఊడివచ్చింది. మీ రిపోర్టులో ఉన్నది నాలుగే మాటలు: ఇంజిన్ జామ్. డ్రైవర్ నిర్లక్ష్యం.

ఆ సిరా ఆరకముందే ఏజెంట్ ముల్లుకు కబురందింది.

గూఢచారి శాఖ డైరెక్టర్ గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. ప్రొజెక్టర్ తెరమీద ఒక బట్టతల.

"టైర్ల వ్యాపారి. విదేశీ ముఠాకు నాయకుడు," అన్నాడు డైరెక్టర్ బత్తాయి ఒలుస్తూ. "టార్గెట్ మన సరిహద్దు రాడార్ ఇంజనీర్. మాస్టర్ కోడ్ ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన పోతే రాడార్ గుడ్డిదవుతుంది."

"ఆయన మా అక్క మొగుడు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. రేసుల పిచ్చోడు కదా, ఆదివారం ట్రాక్ మీదే లేపేస్తారు. యాక్సిడెంట్‌లా కనిపించాలి వాళ్లకి."

బల్లమీద ఒక బోల్టు దొర్లించాడు. ఇంజిన్ అడుగున ఆయిల్ వదిలేందుకు ఉండే డ్రెయిన్ ప్లగ్. అచ్చం మామూలుదే. లోపల మాత్రం మినప్పప్పంత రిసీవర్. రిమోట్ నొక్కితే సన్నటి బెజ్జం తెరుచుకుంటుంది. ఆయిల్ ధారకట్టి పోతుంది.

"దీని జోడు ఇప్పటికే మీ బావ కారులో ఉంది. రిమోట్ టైమ్‌కీపర్ చేతిలో స్టాప్‌వాచ్‌లా ఉంటుంది. ఆ టైమ్‌కీపర్ కోడ్ నేమ్ నెమలి. ముఠాలో పనిచేస్తుంది, జీతం మనదగ్గర తీసుకుంటుంది. రేసు మొదలవగానే వాచ్ నీకిస్తుంది. పని ఎందుకు కాలేదని అడగడానికి టైర్లవాడు వస్తాడు. పట్టుకుంటాం."

"ప్లగ్ ఇప్పుడే మార్చేస్తే పోలా?"

"పసిగట్టి పారిపోతాడు. ప్లగ్ ముట్టుకోకు. మీ బావకు చెప్పకు. ఆర్డర్."

ఇంట్లోవాళ్ల దృష్టిలో ముల్లు పనీపాటా లేని మెకానిక్. ఆ వేషం వేసుకోవడానికి అతనికి మేకప్ అక్కర్లేదు. ఆదివారం బావ కారు బానెట్ కింద తల దూర్చి నిలబడ్డాడు. ప్లగ్ చేతికందేంత దూరంలో ఉంది. ముట్టుకోలేదు. కనీసం ఇంకొక పని చేద్దామనుకున్నాడు.

"బావా, ఆ టేపు తీసెయ్యనా?"

ఆయిల్ ప్రెషర్ పడిపోతే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగాలి. కానీ మలుపు తిరిగినప్పుడల్లా ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది, దీపం మిణుక్కుమంటుంది. అది చూసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినవాడు వెనకబడతాడు. అందుకని ఆ క్లబ్‌లో దానికి పిరికి దీపం అని పేరుపెట్టి, దానిమీద నల్ల టేపు అంటించేవారు. టేపు లేని కారు వస్తే "పాలసీసా తెచ్చుకున్నావా నాయనా?" అని నవ్వేవారు. కత్తి నూరి శత్రువు చేతికివ్వడమంటే ఇదే. దీపం ఆర్పడానికి ముఠా ఏ తీగా కోయనక్కర్లేకపోయింది.

"తీస్తే చెయ్యి విరగ్గొడతా," అన్నాడు బావ గ్లోవ్స్ తొడుక్కుంటూ. "నన్ను ఎర్రగా చూడ్డానికి ఇంట్లో మీ అక్క ఉంది, చాలదా? ఇక్కడ కూడానా?"

"ఆయిల్ పోతే ఎలా తెలుస్తుంది?"

"నువ్వున్నావుగా. నీ మొహం వేలాడేస్తే అర్థమైపోతుంది. తప్పుకోరా బామ్మర్దీ, టైమైంది."

ముల్లు తప్పుకున్నాడు. ఆర్డర్ ఆర్డరే కదా!

జెండా ఊపారు. కార్లు రంకెలేస్తూ కదిలాయి. ముల్లు టైమింగ్ గది మెట్లు ఎక్కి తలుపు తట్టాడు.

"మబ్బు పట్టింది."

"గొడుగు మరిచిపోయాను," లోపలినుంచి తియ్యటి గొంతు.

నీలం పట్టు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు, పొడుగాటి వేళ్లు. నెమలి స్టాప్‌వాచ్‌ను గొలుసుతో గిరగిరా తిప్పుతోంది.

"ఇలా ఇవ్వు," అన్నాడు ముల్లు.

"తీసుకో. ఇంక నాకెందుకు? నొక్కేశాను."

ముల్లు వాచ్ లాక్కున్నాడు. బటన్ లోపలికి దిగి ఉంది.

"ఎవరు నొక్కమన్నారు?"

"ఇద్దరూ. టైర్లవాడూ అన్నాడు, మీ డైరెక్టరూ అన్నాడు. నా ఇద్దరు యజమానులు ఒకే మాటమీద ఉండటం ఇదే మొదటిసారి. ముచ్చటేసింది."

"మరి రొట్టెలవాడు?"

"రిహార్సల్. ప్లగ్ పనిచేస్తుందో లేదో చూసుకోవద్దూ? మీవాళ్లకు ముందే చెప్పాను. 'చూద్దాం, కానివ్వు' అన్నారు." కళ్లద్దాలు నుదుటిమీదికి తోసింది. "అలా చూడకు. పాపం అనిపిస్తోంది."

గోడకు జెండాలు వేలాడుతున్నాయి. అందులో ఒకటి నల్లగుడ్డ, మధ్యలో నారింజరంగు గుండ్రం. నీ కారు చెడింది, పక్కకు తప్పుకో అని డ్రైవర్‌కు చెప్పే జెండా. ముల్లు దాన్ని లాక్కున్నాడు. నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అతను గుమ్మం దాటి తలుపు లాగాడు. పిస్టల్ పట్టిన చెయ్యి సందులో ఉండిపోయింది. అతనికి తెలుసు. అయినా ఇంకా గట్టిగా లాగాడు. ఎండుపుల్లలు విరిగిన చప్పుడైంది. పిస్టల్ మెట్లమీద దొర్లుకుంటూ పోయింది.

పరిగెత్తి ట్రాక్ గోడమీద నిలబడి జెండా ఊపాడు. బావ కారు దూసుకొచ్చింది. హెల్మెట్ ఇటు తిరిగింది. బావ బొటనవేలు ఆడించి వెక్కిరించి వెళ్లిపోయాడు. వెళ్లిన దారంతా సన్నటి నల్లచార.

చెవిలోని ఇయర్‌పీస్ గరగరమంది. డైరెక్టర్.

"ముల్లూ, జెండా దించు. టైర్లవాడు ఇంకా సీట్లోనే ఉన్నాడు. శవం చూశాకే కదులుతాడు, అప్పుడు గుట్టంతా దొరుకుతుంది."

"ఆ శవం మా అక్క మొగుడు!"

"కోడ్ నిన్ననే రాయించుకున్నాం. దేశంలో అక్కలు చాలామంది ఉన్నారు."

ముల్లు ఇయర్‌పీస్ పీకి మడమకింద నలిపాడు.

కారు మళ్లీ కనిపించింది. ఈసారి ఇంజిన్ రంకె వెయ్యడం లేదు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు కటకటలాడుతోంది. హెల్మెట్ లోపలున్నవాడికి అది వినబడదు. ముందు రొట్టెలవాణ్ణి మింగిన మలుపు.

ముల్లు గోడ దూకి ట్రాక్ నడిమధ్యలో నిలబడ్డాడు. జెండాను రొమ్ముకు కప్పుకున్నాడు.

టైర్లు కీచుమన్నాయి. బ్రేకులు పట్టాక ఇంజిన్ పగిలింది. ఇనుపముక్క ఒకటి బానెట్ చీల్చుకుని పైకి లేచింది. కారు గిర్రున తిరుగుతూ వచ్చి బంపర్‌తో ముల్లు మోకాలిని అటునుంచి ఇటు మడిచేసింది. మంటలు లేచాయి.

బావ కాళ్లు కాలుతూనే బయటపడ్డాడు. మొదట తన్నబోయాడు. మోకాలు చూసి ఆగాడు.

"చచ్చేవాడివి కదరా వెధవా!"

"ముందు... ఆ టేపు పీకి చూడు బావా."

చెయ్యి కాలుతున్నా బావ లోపలికి పెట్టి పీకాడు. కింద దీపం ఎర్రగా, నిలకడగా వెలుగుతోంది. మిణుక్కుమనడం లేదు. ఎప్పటినుంచి వెలుగుతోందో తెలుసుకునే మార్గం లేదు.

టైర్ల వ్యాపారి గేటు దగ్గర దొరికాడు. పట్టించింది నెమలే. కట్టు కట్టించుకోవాలంటే టైర్లవాడి కారు నంబర్ చెప్పమన్నారు, ముఠా మొత్తం పేర్లు చెప్పింది. రెండు జీతాలు తిన్న మనిషికి వేళ్లు నలిగాక ఒక్క నిజమన్నా గుర్తొచ్చింది.

డైరెక్టర్ నవ్వుతూ స్ట్రెచర్ దగ్గరకొచ్చాడు. "ఆర్డర్ తప్పావు. పోనీలే. ముఠా దొరికింది, బావ బతికాడు. రిపోర్టు నేను రాస్తాలే."

రాయనివ్వకండి.

ప్రతి కారులో ఆ టేపు ఇవాళే పీకెయ్యాలి. ఫ్యాక్టరీ పెట్టిన సెన్సర్ ఇంజిన్ చచ్చాక ఏడుస్తుంది, దాన్ని తీసి, ప్రెషర్ ఇంకా ఉండగానే అరిచేది పెట్టాలి. నిమ్మకాయంత ఎర్రదీపం డ్రైవర్ కళ్లెదురుగా ఉండాలి. వెలిగి నిలబడితే ఇంజిన్ ఆపెయ్యాలి, గెలుస్తున్నా సరే. మలుపుల్లో ఆయిల్ ఒరగకుండా ట్యాంకులో అడ్డుపలకలు వేయించకుండా ఏ కారునూ క్లబ్ లోపలికి రానివ్వకూడదు.

ఇంకొక పని ఉంది. రొట్టెలవాడి భార్య ఇవాళ్టికీ ఆ పొయ్యి దగ్గరే ఉంది. ఆ పొద్దున డిప్‌స్టిక్ దించి ఆయిల్ చూసింది ఆవిడే. సరిగ్గా చూడలేదేమో, నా చేతులతో నేనే చంపుకున్నానేమో అని పిండి పిసుకుతూ తనలో తను గొణుక్కుంటోంది. ఆయిల్ నిండా ఉందమ్మా, నువ్వు సరిగ్గానే చూశావు, తెలిసీ ఊరుకున్నది నేను అని డైరెక్టర్ ఆ దుకాణానికి వెళ్లి చెప్పాలి. కొనేవాళ్లందరూ ఉండగా చెప్పాలి. నిలబడి చెప్పాలి. ఎవరూ కుర్చీ వెయ్యకండి.